పింగాణి మీది పాత కథలు

తెల్లని పింగాణి కూజా మీద ఒక ముసలాయన నిలబడి ఉంటాడు. గడ్డం నెరిసి ఉంటుంది. చేతిలో పొడవాటి కర్ర. కర్ర పైన కుచ్చులు వేలాడుతూ ఉంటాయి. పక్కన రెండు మూడు గొర్రెలు. చూసినవాళ్ళు గొర్రెల కాపరి అనుకుంటారు. నిజానికి ఆయన చైనా చక్రవర్తి పంపిన రాయబారి. పేరు సూ వూ. ఆయన కథ మన అందరికీ, అంటే ఒప్పందం మీద సముద్రం దాటిన కూలీల మనవలకు, మనవరాళ్ళకు, చాలా దగ్గరి కథ. ఆ కథ తర్వాత చెప్తాను. ముందు ఆ కూజా సంగతి చూద్దాం.

ఇలాంటి బొమ్మల పింగాణి చూడాలంటే చైనా దాకా పోనక్కరలేదు. కమ్మింగ్‌లో, ఫోర్సైత్ కౌంటీలో, శనివారం పొద్దున ఎస్టేట్ సేల్‌కి వెళ్ళినా ఒక్కోసారి కనిపిస్తుంది. ఒక పెద్దావిడ పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తారు. బల్ల మీద పళ్ళేలు, గిన్నెలు, కూజాలు పెడతారు. ఒక్కోదానికి ఒక చీటీ, చీటీ మీద ధర. పళ్ళెం మీద గుర్రాలు, కోటలు, పెద్ద చేతుల అంగీలు వేసుకున్న మనుషులు. ఆ మనుషులు ఎవరో చీటీ మీద ఉండదు. వస్తువు చేతులు మారుతుంది, కథ మాత్రం వెనకే ఉండిపోతుంది. మన ఇళ్ళలో భాష విషయంలో జరిగిందీ ఇలాంటిదే కాబట్టి ఈ పింగాణి గురించి మన పత్రికలో రాయాలనిపించింది.

మట్టి, నిప్పు, రంగు

పింగాణి అనే మాట మనకు పారశీకం వైపు నుంచి వచ్చింది. ఆ భాషలో పింగాన్ అంటే గిన్నె. వస్తువు చైనాది, పేరు పారశీకానిది, ఇప్పుడు మాట మనది. ఇంగ్లీషువాళ్ళయితే దేశం పేరునే వస్తువుకు పెట్టేశారు.

చైనాలో పింగాణికి పెద్ద ఊరు జింగ్‌దెజెన్. ఆ ఊరి దగ్గర గావోలింగ్ అనే కొండ ఉంది. అక్కడి తెల్ల మట్టికి ఆ కొండ పేరు మీదనే కేయొలిన్ అనే పేరు వచ్చింది. మనం చీనా మట్టి అంటాం. ఆ మట్టిలో ఒక రకం రాయి పొడి కలుపుతారు. పిసికి, సారె మీద తిప్పి, ఆరబెట్టి, పూత పూసి ఆవంలో కాలుస్తారు. ఆవం అంటే కుమ్మరి కుండలు కాల్చే చోటు. మన ఊళ్ళలో కుండలు కాల్చే వేడి దీనికి చాలదు. సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ కావాలి. అప్పుడు మట్టి గట్టిపడి తెల్లగా, నున్నగా అవుతుంది. గోటితో కొడితే గంటలా మోగుతుంది.

రంగుల బొమ్మలు వేసేది ఆ తర్వాతే. ఎనామిల్ అంటే గాజు పొడిలో రంగు కలిపిన ముద్ద. కాలిన పింగాణి మీద దాన్ని కుంచెతో పూసి, చిన్న ఆవంలో, సుమారు 700 నుంచి 800 డిగ్రీల వేడిలో మళ్ళీ కాలుస్తారు. గాజు కరిగి పింగాణికి అతుక్కుంటుంది. రాగితో ఆకుపచ్చ వస్తుంది. ఇనుముతో ఎరుపు వస్తుంది. గులాబీ రంగు దేనితో వస్తుందో తెలుసా? బంగారంతో. చాలా కొద్ది బంగారాన్ని కరిగించి గాజులో కలిపితే గులాబీ రంగు వస్తుంది.

కాంగ్‌షీ చక్రవర్తి 1722 దాకా పాలించాడు. ఆయన కాలంలో ఆకుపచ్చ ఎక్కువగా ఉన్న పింగాణి గొప్పగా తయారైంది. ఆయన చివరి రోజుల్లో, తర్వాత వచ్చిన యోంగ్‌జెంగ్ కాలంలో గులాబీ రంగు వచ్చింది. తర్వాత 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్ళు ఈ రెండింటికీ పేర్లు పెట్టారు. మొదటిది ఆకుపచ్చ కుటుంబం, రెండోది గులాబీ కుటుంబం. ఇప్పటికీ మ్యూజియంలు ఆ ఫ్రెంచి పేర్లే వాడుతున్నాయి.

1712లో దాంత్రెకోల్ అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు జింగ్‌దెజెన్ నుంచి ఒక ఉత్తరం రాశాడు. ఒక్క పింగాణి వస్తువు తయారయ్యేలోగా డెబ్బై మంది చేతులు మారుతుందని అందులో ఉంది. ఒకరు అంచు గీత గీస్తారు. ఒకరు పువ్వు గీతలు గీస్తారు, ఇంకొకరు వాటికి రంగు వేస్తారు. ఒకరు కొండలు, ఒకరు పిట్టలు, ఒకరు మనుషులు. వస్తువు అడుగున చక్రవర్తి పేరు ఉంటుంది. ఆ డెబ్బై మందిలో ఒక్కరి పేరూ ఉండదు.

జార్జియా మట్టి

ఈ కథలో మన జార్జియాకూ చోటు ఉంది. యూరప్ వాళ్ళు చాలా కాలం చైనా పింగాణి కొన్నారే గాని, చేయడం వాళ్ళకు చేతకాలేదు. 18వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని మైసెన్‌లో ఆ రహస్యం తెలిసింది. తర్వాత అందరూ తెల్ల మట్టి కోసం వెతకడం మొదలుపెట్టారు. సవన్నాలో 1730ల చివర ఆండ్రూ డ్యూషే అనే కుమ్మరి ఇక్కడి మట్టితో పింగాణి చేయాలని చూశాడు. 1767లో ఇంగ్లండ్ నుంచి జొసైయా వెడ్జ్‌వుడ్ ఒక మనిషిని చెరోకీల దేశానికి పంపించాడు. ఆ మనిషి పేరు థామస్ గ్రిఫిత్స్. ఆయన చెరోకీ పెద్దలతో మాట్లాడి, కొండల్లో తవ్వించి, కొన్ని టన్నుల తెల్ల మట్టి ఇంగ్లండ్‌కు చేర్చాడు.

కమ్మింగ్ ఉన్న ఈ నేల కూడా అప్పుడు చెరోకీలదే. ఫోర్సైత్ కౌంటీ 1832లో ఏర్పడింది. 1838లో సైన్యం చెరోకీలను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టి పడమటికి నడిపించింది. దారిలో వేల మంది చనిపోయారు. ఈ రోజుకీ జార్జియా మధ్య భాగంలో చీనా మట్టి గనులు ఉన్నాయి. శాండర్స్‌విల్ ఊరివాళ్ళు తమ ఊరిని ప్రపంచ కేయొలిన్ రాజధాని అని పిలుచుకుంటారు. ఆ మట్టి ఇప్పుడు ఎక్కువగా నున్నటి కాగితానికి, రంగులకు వాడతారు. చైనాలో ఒక కొండ పేరు జార్జియా ఊరి నోట్లో రోజూ పలుకుతోంది. మాటలు ఎంత దూరం నడుస్తాయో చూడండి.

పళ్ళెం మీద ఎవరు?

17వ శతాబ్దం చివర జిన్ గూలియాంగ్ అనే చిత్రకారుడు ఒక బొమ్మల పుస్తకం తయారుచేశాడు. దాని పేరు వూ షువాంగ్ పూ. సాటిలేనివారి పట్టిక అని అర్థం చెప్పుకోవచ్చు. అందులో చైనా చరిత్రలోంచి నలభై మంది ఉన్నారు. సేనాపతులు, కవులు, రాణులు, రాయబారులు. ఆ బొమ్మలు చూసి పింగాణి చిత్రకారులు గిన్నెల మీద, కూజాల మీద వేశారు. మూడు రాజ్యాల కథ అనే పెద్ద నవలలోని ఘట్టాలు కూడా బాగా వేశారు. మన గుడి గోడల మీద రామాయణం ఉన్నట్టే వాళ్ళ గిన్నెల మీద ఈ కథలు ఉంటాయి. చదువు రానివాళ్ళు కూడా బొమ్మ చూసి కథ గుర్తుపట్టేవాళ్ళు.

మీరు గుర్తుపట్టగల బొమ్మలు కొన్ని చెప్తాను.

పెద్ద నీళ్ళ గోలెం పగిలి ఉంటుంది. పగులులోంచి నీళ్ళు పోతున్నాయి, ఒక పిల్లవాడు బయటికి వస్తున్నాడు. చుట్టూ పిల్లలు. ఒకడి చేతిలో రాయి. ఆ రాయి పట్టుకున్నవాడు సీమా గ్వాంగ్. స్నేహితుడు గోలెంలో పడితే మిగతా పిల్లలు భయపడి పారిపోయారు. సీమా గ్వాంగ్ రాయి తీసుకుని గోలెం పగలగొట్టాడు. స్నేహితుడు బతికాడు. తర్వాత ఆయన పెద్ద చరిత్రకారుడయ్యాడు. ఆయన కాలం 1019 నుంచి 1086 దాకా. వస్తువు పోయినా ఫరవాలేదు, మనిషి బతకాలి అని చెప్పే కథను ఒక అందమైన కూజా మీద వేశారు!

కోట తలుపులు తెరిచి ఉంటాయి. తలుపు దగ్గర ఒకరిద్దరు నేల ఊడుస్తూ ఉంటారు. కోట పైన ఒకాయన కూర్చుని తంత్రీవాద్యం వాయిస్తున్నాడు. కింద శత్రువుల సైన్యం. పైన ఉన్నాయన జూగ్ లియాంగ్ అనే మంత్రి. కోటలో సైన్యం లేదు. ఆ సంగతి శత్రువుకు తెలియదు. ఇంత ధైర్యంగా పాట వాయిస్తున్నాడంటే లోపల ఏదో మోసం ఉందని శత్రువు భయపడి వెనక్కి వెళ్ళిపోయాడు. ఇది నిజంగా జరగలేదని చరిత్రకారులు అంటారు. మంత్రి నిజం, ఈ ఘట్టం కల్పన. మన తిమ్మరుసు గురించి, తెనాలి రామలింగడి గురించి చెప్పుకొనే కథల్లాంటిదే.

కత్తి పట్టుకున్న అమ్మాయి ములాన్ కావచ్చు. ఆమెను మన పిల్లలకు నేను పరిచయం చేయనక్కరలేదు. 1998లో వచ్చిన డిస్నీ సినిమా చూసే ఉంటారు. ముసలి తండ్రికి బదులు మగవేషం వేసుకుని యుద్ధానికి వెళ్ళింది. ఆ నలభై మందిలో ఆమె కూడా ఉంది. ములాన్ గురించి చెప్పేటప్పుడు మన రుద్రమదేవి గురించి కూడా చెప్పండి. 13వ శతాబ్దంలో ఓరుగల్లు నుంచి రాజ్యమేలిన మహారాణి ఆమె. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని మగవాళ్ళ పేరులా కూడా కనిపిస్తుంది.

మన తీరానికి వచ్చిన చీనా సరుకు

మన పెద్దలు ఓడ ఎక్కిన తీరానికి అంతకుముందు వందల ఏళ్ళ నుంచే చైనా సరుకు వచ్చేది. బాపట్ల జిల్లాలో మోటుపల్లి అనే ఊరు ఉంది. ఇప్పుడు చిన్న ఊరే. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244-45లో అక్కడ ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయశాసనం అంటారు. అభయం అంటే భయపడవద్దని మాట ఇవ్వడం. అంతకుముందు రాజులు తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కునేవాళ్ళు. గణపతిదేవుడు తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని రాయించాడు. సుంకాల పట్టికలో చీని కర్పూరం కూడా ఉంది. మోటుపల్లి తవ్వకాల్లో చైనా పింగాణి పెంకులు దొరికాయి.

ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాడిని దోచుకోకూడదని ఒక తెలుగు రాజు రాయి మీద రాయించాడు. ఆ తర్వాత ఆరు వందల ఏళ్ళకు అదే తీరపు మనుషులు ఓడలెక్కి వెళ్ళారు. వాళ్ళకు ఇలాంటి అభయం ఇచ్చినవాళ్ళు తక్కువ.

పగలని చైనా పింగాణి చూడాలంటే హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్ళాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో పుట్టి 1949లో చనిపోయాడు. జీవితమంతా దేశదేశాల వస్తువులు కొన్నాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియం ప్రారంభించాడు. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. అక్కడ చైనా గదుల్లో రంగుల పింగాణితో పాటు లేత ఆకుపచ్చ సెలడాన్ పళ్ళేలు కూడా ఉన్నాయి. విషం కలిపిన అన్నం పెడితే ఆ పళ్ళెం పగిలిపోతుందని, రంగు మారుతుందని పాతకాలం నవాబులు నమ్మేవాళ్ళు. అది నమ్మకమే, నిజం కాదు. సెలవుల్లో ఇండియా వెళ్ళేటప్పుడు పిల్లలకు ఆ గదులు చూపించండి. గడియారం దగ్గర గంట కొట్టడం చూసి వచ్చేయకండి.

సూ వూ కర్ర

ఇప్పుడు సూ వూ కథ. క్రీస్తుకు ముందు 100వ సంవత్సరంలో హాన్ చక్రవర్తి ఆయనను ఉత్తరాన ఉన్న షియాంగ్నూ రాజు దగ్గరికి రాయబారిగా పంపించాడు. చేతికి ఒక కర్ర ఇచ్చాడు. దాని మీద కుచ్చులు. అది రాయబారి గుర్తు. అక్కడ గొడవ జరిగి ఆయనను పట్టుకున్నారు. మా వైపు చేరమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు ఆయనను చలిదేశానికి, ఇప్పటి బైకాల్ సరస్సు వైపుకు, గొర్రెలు కాయడానికి పంపించారు. మగ గొర్రె పాలిచ్చిన రోజున నిన్ను విడిచిపెడతామన్నారు. అంటే ఎప్పటికీ విడిచిపెట్టమని.

ఆయన పంతొమ్మిది ఏళ్ళు అక్కడే ఉన్నాడు. పడుకున్నా, లేచినా, గొర్రెలు కాసినా ఆ కర్ర వదల్లేదు. కుచ్చులన్నీ రాలిపోయాయి. జుట్టు నెరిసింది. పంపించిన చక్రవర్తి చనిపోయాడు. కొత్త చక్రవర్తి మనుషులు వచ్చి అడిగితే సూ వూ చనిపోయాడని అబద్ధం చెప్పారు. అప్పుడు వాళ్ళు ఒక ఉపాయం చేశారు. మా చక్రవర్తి వేటలో ఒక బాతును కొట్టాడు, దాని కాలికి సూ వూ ఉత్తరం కట్టి ఉంది అన్నారు. ఆ మాటకు షియాంగ్నూ రాజు ఒప్పుకోక తప్పలేదు. నలుడికి, దమయంతికి మధ్య కబురు మోసింది హంస. ఇక్కడ కబురు మోసిన పిట్ట నిజంగా లేదు, అయినా పని జరిగింది. క్రీస్తుకు ముందు 81లో సూ వూ ఇంటికి వచ్చాడు. వంద మందికి పైగా వెళ్తే ఆయనతో తిరిగి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది.

మన పెద్దల లెక్కలు కూడా ఇలాగే ఉంటాయి. మారిషస్‌కు 1834 నుంచి, నటాల్‌కు 1860 నుంచి, ఫిజీకి 1879 నుంచి మనుషులను ఒప్పందం మీద తీసుకెళ్ళారు. నటాల్‌కు వెళ్ళినవాళ్ళే 1,52,000 మంది దాకా ఉన్నారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఒప్పందం అయిదేళ్ళు. ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళు ఉన్నారు, రానివాళ్ళు ఇంకా ఎక్కువ. ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళలో చైనావాళ్ళు కూడా ఉన్నారు. 1904 నుంచి ట్రాన్స్‌వాల్ బంగారు గనులకు అరవై వేల మందికి పైగా చైనా కూలీలను తెచ్చారు. గయానాకు కూడా తెచ్చారు. కాబట్టి ఈ పింగాణి మీది కథలు పరాయివి కావు. మన పక్క లైనులో ఉన్నవాళ్ళు చెప్పుకున్న కథలు.

ఓడ పట్టికలో మన పెద్దలకు ఒక నంబరు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు ఉంటాయి. వాళ్ళు ఏ పాట పాడారో, ఏ కథ చెప్పారో ఉండదు. మన చేతిలో ఉన్న తెలుగు సూ వూ కర్ర లాంటిది. కొన్ని కుచ్చులు రాలిపోయాయి. అక్షరాలు మరిచారు కొందరు. కొన్ని ఇళ్ళలో అమ్మ, తాత, అన్నం, దండం అనే నాలుగు మాటలే మిగిలాయి. కుచ్చులు రాలినా సూ వూ దాన్ని వట్టి కర్ర అనుకోలేదు. గుడి తరగతికి వచ్చి అ, ఆ దిద్దే అరవై ఏళ్ళ పెద్దమనిషి కూడా అలాగే అనుకోవడం లేదు.

ఇంట్లో ఉంటే ఏం చేయాలి?

మీ ఇంట్లో, లేదా మీరు కొన్నచోట, బొమ్మల పింగాణి ఉంటే ఇవి చూడండి.

వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకోండి. పాత ఎనామిల్ వేలికి కొంచెం ఎత్తుగా తగులుతుంది. అచ్చు బొమ్మ అయితే నున్నగా ఉంటుంది, దగ్గర నుంచి చూస్తే చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి.

అడుగు చూడండి. అమెరికాలో 1891 నుంచి బయటి సరుకు మీద దేశం పేరు ఉండాలనే చట్టం అమలైంది. ఇంగ్లీషులో చైనా అని ఉంటే ఆ తర్వాతిది అనుకోవచ్చు. ఏమీ లేకపోతే పాతది అని మాత్రం అనుకోకండి. కాంగ్‌షీ ముద్ర ఉన్నా నమ్మకండి. 19వ శతాబ్దంలో కూడా గౌరవం కోసం ఆ ముద్ర వేసేవాళ్ళు, మోసం కోసం ఇప్పుడూ వేస్తారు.

ముఖ్యమైన మాట. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. తెల్ల రంగులో పాషాణం కూడా ఉంటుంది. చింతపండు పులుసు, ఆవకాయ, నిమ్మకాయ పచ్చడి, పెరుగు లాంటివి సీసాన్ని లాగుతాయి. అందంగా ఉందని పండగనాడు అందులో పులిహోర పెట్టకండి. పిల్లలకు అసలు పెట్టకండి. చూడటానికి ఉంచండి. డిష్‌వాషర్‌లో వేయకండి, బంగారు అంచు పోతుంది.

ఇండియాలో బంధువుల ఇంట్లో పాత కూజా ఉంటే సూట్‌కేసులో పెట్టి తెచ్చేయకండి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువులను దేశం దాటించకూడదు. అక్కడే ఉంచి ఫొటో తీసుకోండి.

చివరిగా ఒక పని. అది చైనా కూజా కావచ్చు, అవ్వ తెచ్చిన ఇత్తడి చెంబు కావచ్చు, మలయాలో కొన్న కోడిపుంజు గిన్నె కావచ్చు. ఒక చీటీ తీసుకోండి. ఇది ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, దీని మీద ఉన్నది ఎవరు అని తెలుగులో మూడు వాక్యాలు రాయండి. తప్పులుంటే ఉండనివ్వండి. మడిచి లోపల పెట్టండి. ఏదో ఒక శనివారం మన ఇల్లు కూడా ఎవరో ఖాళీ చేస్తారు. అప్పుడు బల్ల మీద ధర చీటీతో పాటు ఈ చీటీ కూడా ఉండాలి.

కొత్త మాటలు

ఆవం: కుండలు కాల్చే చోటు.
గోలెం: నీళ్ళు నింపే పెద్ద తొట్టి.
రాయబారి: ఒక రాజు మాటను ఇంకో రాజుకు చెప్పడానికి వెళ్ళేవాడు.
రేవు: ఓడలు ఆగే చోటు.
సుంకం: సరుకు మీద కట్టే పన్ను.
శాసనం: రాయి మీద, రాగిరేకు మీద రాయించిన రాజు మాట.
కుచ్చు: దారాలన్నీ కలిపి కట్టిన గుత్తి. జడ చివర కట్టుకునేది కూడా కుచ్చే.